కౌంటర్ కింది కంప్యూటర్లు: విశాఖ దుకాణాల లెక్కల చరిత్ర

2020 జూన్ 30తో మజెంటో ఒకటో వెర్షన్‌కి మద్దతు ఆగిపోయింది. ఆన్‌లైన్ దుకాణాలు నడపడానికి 2008లో పుట్టిన సాఫ్ట్‌వేర్ అది. ఆ తేదీ తర్వాత అందులో ఏ లోపం బయటపడినా మరమ్మతు పంపేది లేదని, దాన్ని కొనుక్కున్న అడోబీ కంపెనీ ముందే చెప్పింది. అప్పటికి దాని మీద నడుస్తున్న దుకాణాలు ప్రపంచమంతటా వేల సంఖ్యలో ఉన్నాయి. అందులో ఒకటి మా విశాఖపట్నంలోది. ఏటికొప్పాక లక్కబొమ్మలు, పొందూరు ఖద్దరు, అరకు కాఫీ, మన్యం తేనె అమ్మే దుకాణం. దాని లెక్కలూ కంప్యూటర్లూ చూసే పని నాది.

ఆ వేసవి సంగతి ఈ ఊరివాళ్ళకి చెప్పనక్కర్లేదు. మార్చి నుంచి లాక్‌డౌన్. మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్ళ మీదకి వచ్చి పన్నెండు మంది ప్రాణాలు తీసింది. దుకాణం షట్టరు దించి ఉంది. వెబ్‌సైటు ఒక్కటే అమ్మకం. దాన్ని కూడా ఇంకోచోటికి తరలించాలని సావుకారు గారికి ఫోన్లో చెప్పాను. "ఏటమ్మా, మళ్ళీ మార్చాలా?" అన్నారాయన.

ఆయన కొట్టు అప్పటికే రెండుసార్లు సాఫ్ట్‌వేర్ మార్చింది. ఊళ్ళో చాలా కొట్లదీ అదే వరస. విశాఖ చరిత్ర రాసేవాళ్ళు రేవు గురించి రాస్తారు, షిప్‌యార్డు గురించి, ఉక్కు ఉద్యమం గురించి, నౌకాదళం గురించి రాస్తారు. గల్లాపెట్టె పక్కన ఏం జరిగిందో ఎవరూ రాయలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ గల్లాపెట్టెల పక్కనే పని చేస్తున్నాను కాబట్టి, నేను చూసినంత మేరకు రాసి పెడుతున్నాను.

మా నాన్న పోర్టులో టాలీ గుమాస్తా. ఓడలోకి ఎక్కే బస్తాలు, దిగే పెట్టెలు లెక్కపెట్టి కాగితం మీద గీతలు గీయడం ఆయన ఉద్యోగం. 1933లో రేవు తెరిచాక వన్‌టౌన్‌లో వ్యాపారం ఎలా పెరిగిందో, తన పెద్దవాళ్ళ దగ్గర విన్నది ఆయన నాకు చెబుతుండేవారు. మెయిన్ రోడ్డు, కురుపాం మార్కెట్, ఆ చుట్టుపక్కల సందుల్లో నగలు, బట్టలు, నూనె, ధాన్యం. అనకాపల్లి నుంచి బెల్లం. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి దండం పెట్టుకోనిదే కొత్త పద్దు పుస్తకం తెరవని సావుకార్లను నేనూ ఎరుగుదును. ఆ అమ్మవారికి పైన కప్పు ఉండదు, ఎండకీ వానకీ అలాగే ఉంటుంది. మార్గశిర గురువారాల్లో ఆ వీధిలో అడుగు పెట్టడానికి చోటుండదు.

పద్దు పుస్తకాలు రెండు రకాలు. ఏ రోజు సంగతి ఆ రోజు రాసేది చిట్టా. ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు. చిట్టాలోంచి ఒక్కొక్క ఖాతాదారు పేరు మీదకి ఎక్కించేది ఆవర్జా. రాత్రి కొట్టు కట్టేముందు గుమాస్తా చిట్టా కూడి నిల్వ తేల్చాలి. అది గల్లాపెట్టెలో డబ్బుతో సరిపోవాలి. గుమాస్తా మానేసి వెళ్ళిపోయినా, సావుకారు కాలం చేసినా, కొడుకు ఆ ఎర్రట్ట పుస్తకం తెరిచి ఎవరి బాకీ ఎంతో చదువుకోగలడు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ అద్దె కట్టక్కర్లేదు. తర్వాత నేను చూసిన ప్రతి సాఫ్ట్‌వేర్‌నీ ఈ పుస్తకంతోనే కొలుస్తూ వచ్చాను.

దూరాన ఉన్నవాళ్ళకి సరుకు అమ్మడం కూడా ఈ ఊరికి ఇంటర్నెట్‌తో వచ్చిన విద్య కాదు. 18వ శతాబ్దంలో ఇక్కడి పనివాళ్ళు ఏనుగు దంతం పొదిగి చేసిన పెట్టెలు, కుర్చీలు, మేజాలు కంపెనీ దొరల ద్వారా ఇంగ్లండు చేరాయి. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖపట్నం పేరుతోనే అవి ఇప్పటికీ ఉన్నాయి.

కంప్యూటర్ల కాలానికి వస్తాను. డిగ్రీ అయ్యాక ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో డీబేస్, ఆ వెనకే ఫాక్స్‌ప్రో నేర్చుకున్నాను. అది 1992. ఆ ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఊరంతా ఆ మాటే. అదే ఏడాది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, ఫాక్స్‌ప్రో తయారుచేసే ఫాక్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీని మైక్రోసాఫ్ట్ కొనేసింది. ఆ కబురు మాలో ఎవరికీ పెద్దగా పట్టలేదు. పదిహేనేళ్ళ తర్వాత మా మీద పడిన దెబ్బ మాత్రం అక్కడి నుంచి వచ్చిందే.

ఫాక్స్‌ప్రో డాస్ మీద నడిచేది. పాత 386 మిషను, నాలుగు ఎంబీ ర్యామ్ ఉంటే చాలు, వేల బిల్లుల్లోంచి ఒక పేరు రెప్పపాటులో తీసేది. బిల్లు ఎప్సన్ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద కార్బన్ కాపీతో దిగేది. డాస్ తెర మీద తెలుగు కనబడాలంటే సీడాక్ వారి జిస్ట్ కార్డు వేయించాలి. అది కొనే స్తోమత చిన్న కొట్లకి లేదు. అందుకని అప్పటి ఫైళ్ళలో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి.

నేను రాసిన ప్రోగ్రాముల్లో నాకు ఎక్కువ ఇష్టమైనది గాజువాకలో ఒక ఇనుము కొట్టుకి రాసినది. ఇనప రాడ్లు టన్నుల్లెక్కన వస్తాయి, ఇల్లు కట్టుకునేవాడు పీసుల్లెక్కన అడుగుతాడు. "పన్నెండు ఎంఎం రాడ్లు నలభై ఇవ్వండి" అంటాడు. మేస్త్రీలందరికీ నోటికొచ్చిన సూత్రం ఒకటుంది. రాడ్డు మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం రాడ్డు మీటరుకి 0.889 కిలో. 12 మీటర్ల పూర్తి రాడ్డు 10.67 కిలోలు. 8 ఎంఎం అయితే 4.74. ఆ సూత్రాన్ని ప్రోగ్రాములో పెట్టాను. పీసులు కొడితే కిలోలు, కిలోలు కొడితే పీసులు. కాటా మీద తూకం వేరుగా వస్తే తేడా రాయడానికి ఇంకో గడి. అప్పట్లో బజార్లో కొనడానికి దొరికే ఏ లెక్కల సాఫ్ట్‌వేర్‌కీ గాజువాక వ్యాపారం తెలియదు. ఊళ్ళో కూర్చుని, ఆ కొట్టులో కూర్చుని రాసిన ప్రోగ్రాముకి తెలుసు. ఈ ఊళ్ళో నాలాంటివాళ్ళం చాలామందిమి ఉండేవాళ్ళం. మందుల కొట్లు, బంగారం కొట్లు, ఆటోనగర్ స్పేర్ పార్టుల కొట్లు, ఒక్కొక్కరిది ఒక్కొక్క బజారు.

ఫాక్స్‌ప్రో దాచే ఫైలుకి చివర డీబీఎఫ్ అని ఉంటుంది. దాని అమరిక చాలా తేలిక. పైన చిన్న శీర్షిక: ఏ గడికి ఏ పేరు, ఎన్ని అక్షరాలు. కింద వరసగా నమోదులు. గడి పేరు పది అక్షరాలు దాటకూడదు. తేదీ ఎనిమిది అంకెలుగా ఉంటుంది: సంవత్సరం, నెల, రోజు. అంతే. ఆ అమరిక అందరికీ తెలిసినదే కాబట్టి, ఈనాటి లిబ్రెఆఫీసులో కూడా ఆ ఫైలు నేరుగా తెరుచుకుంటుంది. ప్రోగ్రాము పోయినా పద్దు పోలేదు. అప్పట్లో దాని విలువ మాకు తెలియలేదు. అన్ని సాఫ్ట్‌వేర్లూ ఇలాగే ఉంటాయనుకున్నాం.

1999 చివర్లో ఊరంతా తిరిగాం. ఫైల్లో సంవత్సరం నాలుగంకెలే అయినా, తెర మీద రెండంకెలు మాత్రమే కొట్టించే ప్రోగ్రాములు 00 అంటే 1900 అనుకునేవి. వాటికి సెట్ సెంచరీ ఆన్ అనే ఒక్క ఆజ్ఞ చేర్చి, తేదీ గడులు వెడల్పు చేసి వచ్చాం. అదంతా ఒక నెల పని. అసలు మార్పు 2005 ఏప్రిల్ 1న వ్యాట్‌తో వచ్చింది. 1957 నాటి అమ్మకం పన్ను చట్టం పోయి, కొన్న సరుకు మీద కట్టిన పన్నుని అమ్మిన సరుకు పన్నులో మినహాయించుకునే పద్ధతి వచ్చింది. నెలనెలా వ్యాట్ 200 ఫారం. ఖాతాదారు పదకొండంకెల టిన్ నంబరు బిల్లు మీద ఉండాలి. చిన్న కొట్ల ప్రోగ్రాములన్నిటినీ అప్పుడు తిరగరాయాల్సి వచ్చింది. తిరగరాసేవాళ్ళు దొరకని కొట్లు ట్యాలీకి వెళ్ళాయి. బెంగళూరులో శ్యామ్‌సుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా 1986లో మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్ అప్పటికి దేశమంతా పాకింది. ప్రభుత్వం చట్టం మారిస్తే మార్పులు వాళ్ళే చేసి పంపుతారు. సావుకార్లకి కావలసిందీ అదే. ఊరి ప్రోగ్రామర్లకి పని తగ్గడం మొదలైంది అక్కడే.

2007 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఫాక్స్‌ప్రోకి ఇక కొత్త వెర్షన్ రాదని ప్రకటించింది. విజువల్ ఫాక్స్‌ప్రో 9 ఆఖరుది. దానికి మద్దతు 2015 జనవరి 13 దాకా. ప్రపంచంలో ఎన్ని కొట్లు, ఎన్ని ఆసుపత్రులు, ఎన్ని సహకార సంఘాలు దాని మీద బతుకుతున్నాయో లెక్కలేదు. మా దగ్గర మాత్రం ఆ ప్రకటన విని ఎవరూ ఏమీ మార్చలేదు. బిల్లు వస్తోంది, లెక్క కుదురుతోంది, ఎందుకు మార్చాలి? నేను సావుకార్లని తప్పుపట్టను. దుకాణదారుడికి సాఫ్ట్‌వేర్ అంటే తూకం రాళ్ళలాంటిది, అరిగిపోయేదాకా మార్చడు.

అయితే దాని చుట్టూ ఉన్నవి ఒక్కొక్కటే పోతూ వచ్చాయి. 64 బిట్ విండోస్ కంప్యూటర్ల మీద డాస్ ఫాక్స్‌ప్రో ఎక్కదు. 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి మద్దతు ఆగింది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ తగిలించే పాతరకం పోర్టు కొత్త మిషన్లలో కనబడలేదు. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలి విమానాశ్రయం పైకప్పు లేపేసింది, కైలాసగిరి మీద పచ్చదనం మాడ్చేసింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను లేదు. కొట్ల అద్దాలు పగిలి వాన నీళ్ళు కౌంటర్ కిందికి వెళ్ళాయి. కంప్యూటర్లు ఉండేది అక్కడే. నేను చూసే కొట్లలో కొన్నిటికి ఆ సంవత్సరం లెక్కలన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇంటికి తీసుకెళ్ళే అలవాటున్న సావుకార్లు బతికిపోయారు. కరెంటు వచ్చాక వేరే మిషనులో డీబీఎఫ్ ఫైళ్ళు వేసి, అప్పటికప్పుడు బాకీల జాబితా తీసి ఇచ్చాను. అంత పెద్ద తుఫాను తర్వాత ఊళ్ళో ఎవరు ఎవరికి ఎంత బాకీయో తెలియడం చిన్న విషయం కాదు.

ఫాక్స్‌ప్రో కొట్లని చివరికి మార్పించింది జీఎస్టీ. 2017 జూలై 1. పదకొండంకెల టిన్ పోయి పదిహేను అక్షరాల నంబరు వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 28తో మొదలయ్యేది, ఇప్పుడు మనకి 37, తెలంగాణకి 36. ప్రతి సరుకుకీ హెచ్‌ఎస్‌ఎన్ కోడు, రాష్ట్రం లోపల అమ్మితే పన్ను రెండు భాగాలు, బయటికి అమ్మితే ఒకటే. గడి వెడల్పు చేసి సరిపెట్టే పని కాదది. గాజువాక ఇనుము కొట్టు ట్యాలీకి మారింది. ఒక్కొక్క మందం రాడ్డునీ వేరువేరు సరుకుగా రాసి, ఒక పీసు ఇన్ని కిలోలు అని పక్కన ప్రమాణం పెట్టుకున్నాం. 162 సూత్రం అలా కొత్త ఇంట్లోనూ నిలబడింది. పాత ప్రోగ్రాము ఆఖరి బిల్లు జూన్ 30, 2017 నాటిది. బొమ్మల దుకాణం మజెంటో మద్దతు పోయింది కూడా సరిగ్గా మూడేళ్ళకి అదే తేదీన.

బొమ్మల దుకాణం కథ వేరు. ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఉంది. అంకుడు కర్రని చెక్కి, లక్కకి గింజల నుంచి, వేళ్ళ నుంచి తీసిన రంగులు కలిపి బొమ్మకి పట్టిస్తారు. సహజమైన ఆ రంగులని మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంట్లో బొమ్మల కొలువు పెట్టుకునే తెలుగువాళ్ళు ఇప్పుడు న్యూజెర్సీలో, డాలస్‌లో, మెల్‌బోర్న్‌లో ఉన్నారు. సంక్రాంతికి బొమ్మ అక్కడికి చేరాలంటే నవంబరులోనే పార్సెలు కదలాలి.

మొదట్లో ఆ కొట్టు కొన్ని బొమ్మలు ఈబే ఇండియాలో పెట్టి అమ్మింది. అది 2000లో బాజీ డాట్ కామ్‌గా మొదలై, 2004లో ఈబే చేతికి వెళ్ళిన అంగడి. తర్వాత 2012లో సొంత సైటు కట్టించారు, మజెంటో 1.7 మీద. ఉచితం, డాలర్లలోనూ రూపాయల్లోనూ ధర చూపగలదు, పనిచేసే కుర్రాళ్ళు హైదరాబాదులో కావలసినంతమంది. ఎంచుకోవడానికి అవి మంచి కారణాలే. దాని లోపలి అమరిక మాత్రం డీబీఎఫ్‌కి పూర్తిగా ఎదురు. ఒక లక్క బుడ్డి పేరు ఒక పట్టికలో, ధర ఇంకో పట్టికలో, వర్ణన మరో పట్టికలో, అది అమ్మకానికి ఉందో లేదో వేరే పట్టికలో. అన్నీ కలిపితేగాని ఒక బొమ్మ కనబడదు. ఎన్ని రకాల సరుకులకైనా సరిపోవాలని అలా కట్టారు. మనుషులు కంటితో చదివే పద్దు మాత్రం అది కాదు.

మజెంటో యజమానులు మారుతూ వచ్చారు. కట్టిన కంపెనీ నుంచి 2011లో ఈబేకి, 2015లో విడిగా, 2018లో 168 కోట్ల డాలర్లకు అడోబీకి. 2015 నవంబరులో రెండో వెర్షన్ వచ్చింది. పేరు అదే, లోపల పూర్తిగా కొత్త ఇల్లు. మొదటిదాని సైటు రూపమూ, అదనంగా తగిలించుకున్న భాగాలూ ఏవీ రెండోదానికి పనికిరావు. సరుకుల జాబితా, ఆర్డర్ల లాంటి సమాచారాన్ని మాత్రమే తరలించే పనిముట్టు ఇచ్చారు. మొదటిదానికి మద్దతు 2018 నవంబరులో ఆపుతామన్నారు, దుకాణాలు కదలకపోవడంతో 2020 జూన్‌కి జరిపారు.

ఎటు వెళ్ళాలన్న ప్రశ్న దగ్గర నేను ఎక్కువ కాలం ఆగాను. అందరూ ముందు చూసేది కొత్తదానిలో ఏమేం సౌకర్యాలున్నాయని. నేను ముందు అడిగింది, రేపు దీన్ని వదిలిపెట్టాల్సి వస్తే మా పద్దు ఎలా బయటికి వస్తుంది అని. ఈబే ఇండియా 2018 ఆగస్టు 14న మూతపడింది. ఆ కొట్టుకి కొన్నేళ్ళుగా కొనుగోలుదారులు రాసిన మంచి మాటలన్నీ దానితోనే పోయాయి. అద్దె అంగట్లో సంపాదించిన పేరు వెంట తీసుకెళ్ళలేమని ఆ రోజు సావుకారు గారికీ అర్థమైంది. అందుకే పెద్ద అంగళ్ళలో పెట్టి అమ్మడం పక్క వ్యాపారంగా ఉంచుకుందాం, అదే ఇల్లు చేసుకోవద్దు అనుకున్నాం.

మజెంటో రెండుకి పెద్ద సర్వరు కావాలి. 2020 జూలైలో రానున్న 2.4 వెర్షన్ అయితే వెతకడానికే ఎలాస్టిక్‌సెర్చ్ అనే ఇంకో ప్రోగ్రాముని పక్కన నడపమంది. మూడు నాలుగు వందల రకాల బొమ్మలకి అది మోయలేని బరువు. షాపిఫై కెనడావాళ్ళది, 2006 నుంచి ఉంది. నెలనెలా అద్దె. మన దేశంలో దాని సొంత చెల్లింపు వ్యవస్థ లేదు కాబట్టి, మన గేట్‌వే వాడితే ప్రతి అమ్మకం మీద అదనంగా రుసుము. సరుకుల, ఆర్డర్ల జాబితా బయటికి తీసుకోవచ్చు, కట్టుకున్న దుకాణం రూపం మాత్రం తీసుకెళ్ళలేం. ఇంకో దారి ఓపెన్‌మేజ్. మజెంటో మొదటి వెర్షన్ మూలం అందరికీ తెరిచి ఉన్నది కాబట్టి, కంపెనీ వదిలేశాక కూడా కొందరు ప్రోగ్రామర్లు కలిసి దానికి మరమ్మతులు రాస్తున్నారు. ఫాక్స్‌ప్రోకి ఆ భాగ్యం లేకపోయింది. దాని మూలం మైక్రోసాఫ్ట్ బీరువాలోనే ఉండిపోయింది. ఓపెన్‌మేజ్ నాకు చాలా నచ్చింది. అయితే రేపు నేను లేకపోతే దాన్ని చూసే మనిషి విశాఖలో ఎవరు? ఆ ప్రశ్నకి జవాబు దొరక్క దాన్ని వదిలాను.

చివరికి వూకామర్స్ ఎంచుకున్నాం. 2011లో వర్డ్‌ప్రెస్‌కి తోడుగా వచ్చినది. పద్దు మన సర్వరులోనే, తెరిచి చదువుకునే పట్టికల్లో ఉంటుంది. వర్డ్‌ప్రెస్ తెలిసిన పిల్లలు ద్వారకానగర్‌లో ఏ వీధిలోనైనా దొరుకుతారు. ఎంచుకునే ముందు ఒక పరీక్ష పెట్టాను. అందులో కొన్ని బొమ్మలు, కొన్ని ఆర్డర్లు ఎక్కించి, వెంటనే అన్నీ బయటికి తీసి, తెలుగు వర్ణనలు చెడకుండా వచ్చాయో లేదో చూశాను. ఈ చివరిది చాలామందికి తట్టదు. జాబితాని సీఎస్‌వీ ఫైలుగా తీసి నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే ఒక్కోసారి తెలుగంతా పిచ్చి గుర్తులుగా కనబడుతుంది. అక్షరాల సంకేతం యూటీఎఫ్ 8 అని చెప్పి దిగుమతి చేసుకోవాలి. తెలియక ఆ పిచ్చి గుర్తులతోనే భద్రం చేసుకుంటే, వర్ణనలన్నీ మళ్ళీ రాసుకోవాల్సిందే.

తరలింపులో అసలు చిక్కులు ఎక్కడుంటాయో ఈ ఊరి దుకాణదారుల కోసం వివరంగా చెబుతాను. జీఎస్టీ నిబంధనల్లో 46వది, ఇన్వాయిస్ నంబరు వరసగా ఉండాలని, పదహారు అక్షరాలు దాటకూడదని, ఆ ఆర్థిక సంవత్సరంలో అదే నంబరు మళ్ళీ రాకూడదని అంటుంది. మజెంటో నంబర్లు 100000001తో మొదలవుతాయి. కొత్త సాఫ్ట్‌వేర్ ఆ వరసని కొనసాగించదు. జూన్ అంటే సంవత్సరం మధ్య. ఒకటికి మించి వరసలు పెట్టుకోవచ్చని అదే నిబంధన చెబుతుంది కాబట్టి, కొత్త బిల్లులకి ముందు వేరే అక్షరాలు తగిలించి వేరే వరస పెట్టాం. పాత బిల్లులు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. అందుకని పాత మజెంటోని నెట్ లేని ఒక కంప్యూటర్‌లో యథాతథంగా ఉంచాం, అధికారి అడిగితే తెరిచి చూపడానికి. కొనుగోలుదారుల పాస్‌వర్డ్‌లు గుట్టుగా మార్చి దాచినవి, కొత్తచోట అవి పనిచేయవు. ప్రతి ఒక్కరికీ కొత్తది పెట్టుకోమని ఉత్తరం పంపాం. వాట్సాప్‌లో వాళ్ళూ వీళ్ళూ పంచుకున్న పాత బొమ్మల లింకులు తెగిపోకుండా ఒక్కొక్కదాన్నీ కొత్త పేజీకి మళ్ళించాం. ఆ ఆఖరి పనికి సమయం ఎక్కువ పట్టింది, డబ్బు తక్కువ పట్టింది. చేయని కొట్లు మాత్రం గూగుల్‌లో కనబడకుండా పోయాయి.

సెప్టెంబరులో కబురు వచ్చింది. మజెంటో మొదటి వెర్షన్ మీదే ఉండిపోయిన దాదాపు రెండు వేల దుకాణాలలోకి ఒకే వారాంతంలో దొంగలు జొరబడ్డారని డచ్ భద్రతా సంస్థ శాన్‌సెక్ బయటపెట్టింది. డబ్బు కట్టే పేజీలో చిన్న కోడు దూర్చి, కొనేవాళ్ళ కార్డు వివరాలు తీసుకున్నారు. 2009 నుంచి రిజర్వు బ్యాంకు పెట్టిన రెండో సంకేతం నిబంధన మన దేశపు కార్డులకి కొంత కాపు. డాలస్‌లో బొమ్మల కొలువు పెట్టుకునే అమ్మాయి కార్డుకి ఆ కాపు లేదు. ఆమె నమ్మకం మీదే ఆ దుకాణం బతుకుతోంది. సావుకారు గారు ఆ వార్త చదివి ఫోన్ చేసి, మారిన ఖర్చు గురించి ఇక ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ తర్వాత కూడా చిన్న మార్పులు ఆగలేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. పొందూరు శ్రీకాకుళంలోనే ఉంది. సైటులో ప్రతి బొమ్మ పేజీలో ఊరి చిరునామా మార్చాం. సరుకుల పట్టిక మన చేతిలో ఉంది కాబట్టి ఒక సాయంత్రం పని అయింది.

ఇనుము కొట్టు పాత డీబీఎఫ్ ఫైళ్ళు నా దగ్గర ఇంకా ఉన్నాయి, సావుకారు అనుమతితో. 1994 నాటివి నిన్ననే తెరిచాను, తెరుచుకున్నాయి. గాజువాక చుట్టూ ఏ నెలలో ఎన్ని టన్నుల రాడ్లు అమ్ముడయ్యాయో, ఏ ధరకో, వాటిలో ఉన్నాయి. ఇళ్ళు ఎప్పుడు లేచాయో, ఎప్పుడు ఆగాయో ఆ అంకెల్లో కనబడుతుంది. ఉక్కు కర్మాగారం వచ్చాక ఆ ఊళ్ళు ఎలా నగరమయ్యాయో రాయదలచుకున్నవాళ్ళకి ఇంతకన్నా నమ్మకమైన కాగితం ఇంకోటి నాకు తెలియదు.

కాబట్టి కురుపాం మార్కెట్‌లో, పూర్ణా మార్కెట్‌లో, డాబాగార్డెన్స్‌లో, గాజువాకలో కొట్లు నడిపినవాళ్ళకి, నడుపుతున్నవాళ్ళకి నా విన్నపం. అటక మీద పాత సీపీయూ ఉంటే తుక్కు బండికి వేయకండి. దాని హార్డ్ డిస్క్ విప్పించి, అందులోని ఫైళ్ళు రెండుచోట్ల దాచండి. ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి, మిగిలినవి ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర శాఖకో, ఆర్థికశాస్త్ర శాఖకో ఇవ్వండి. ఎలా తెరవాలో తెలియకపోతే మా తరం ఫాక్స్‌ప్రో వాళ్ళని అడగండి, ఇంకా ఊళ్ళోనే ఉన్నాం. ఇవాళ ఆన్‌లైన్ దుకాణం ఉన్నవాళ్ళు, మీ సైటు చూసే మనిషిని పిలిచి, మొత్తం సరుకుల జాబితా, మొత్తం ఆర్డర్లు, మొత్తం బిల్లులు ఈ వారంలోనే ఒక ఫైలుగా తీయించి, మీ కంప్యూటర్‌లో మీరే తెరిచి చూడండి.